జాకెట్ పాత్ర గుణకం పుస్తకంలో దొరకదు, పాత్రలోనే కొలవాలి

సంపాదకులకు,

ఆర్యా,

చిన్న, మధ్యతరహా పరిశ్రమల ఇంధన ఖర్చుల మీద కొద్ది రోజుల క్రితం మీ పత్రికలో వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. జీడిమెట్ల, బొల్లారం, పటాన్‌చెరు, పాశమైలారం ప్రాంతాల మందుల యూనిట్లకు బాయిలర్ ఖర్చు ఎంత బరువో సామాన్య పాఠకుడికి కూడా అర్థమయ్యేలా రాసినందుకు సంతోషం కలిగింది. అయితే అందులో "ఆవిరి జాకెట్ ఉన్న పాత్రకు ఉష్ణ బదిలీ గుణకం 1000గా తీసుకుంటే సరిపోతుంది" అనే అర్థంలో ఒక మాట ఉంది. ఈ నగరంలోని బల్క్ డ్రగ్ (మందుల ముడి పదార్థాల) కర్మాగారాల్లో 31 ఏళ్లు ప్రాసెస్ ఇంజనీరుగా పనిచేసిన నాకు ఆ మాట మనసులో ముల్లులా గుచ్చుకుంది. ఆ అంకెను నమ్మి పాత్రలు కొన్నవారినీ, పాత్ర ఆ అంకె ప్రకారం వేడెక్కలేదని షిఫ్టులో ఉన్న ఆపరేటర్లను నిందించినవారినీ చాలామందిని చూశాను. అందుకే నిడివి కాస్త ఎక్కువైనా ఈ లేఖ రాస్తున్నాను.

ఈ పని తెలియని పాఠకుల కోసం ముందు విషయం చెబుతాను. జాకెట్ పాత్ర అంటే ఒక పాత్ర చుట్టూ తొడిగిన మరో పాత్ర. రెండింటి మధ్య ఖాళీలోకి ఆవిరి పంపుతారు. ఆ ఆవిరి లోపలి పాత్ర గోడను తాకి నీరుగా మారుతూ తన గుప్తోష్ణాన్ని గోడకు అప్పగిస్తుంది. పీడనం గేజి మీద 2 బార్లు చూపే ఆవిరి కిలో నీరుగా మారితే సుమారు 2160 కిలోజౌళ్ల వేడి వస్తుంది. అదే కిలో వేడినీరు ఒక డిగ్రీ చల్లబడితే వచ్చేది 4.2 కిలోజౌళ్లే. ఆవిరికి పరిశ్రమలో ఇంత విలువ ఉన్నది ఇందువల్లనే. ఇక గోడలో ఒక చదరపు మీటరు గుండా, ఆవిరికీ లోపలి సరుకుకూ మధ్య ఒక్క డిగ్రీ తేడా ఉన్నప్పుడు, సెకనుకు ఎన్ని జౌళ్ల వేడి దాటుతుందో చెప్పే అంకెనే ఉష్ణ బదిలీ గుణకం అంటాం. ఈ గుణకాన్ని గోడ విస్తీర్ణంతోనూ, ఉష్ణోగ్రతల తేడాతోనూ గుణిస్తే పాత్రకు ఎంత వేడి అందుతుందో వస్తుంది. చెప్పడానికి ఇంత సులువైన లెక్కలో విస్తీర్ణాన్ని టేపుతో కొలవవచ్చు, ఉష్ణోగ్రతను థర్మామీటరుతో చూడవచ్చు. గుణకం మాత్రం పైకి కనిపించదు కాబట్టి, దాన్ని ఎక్కడి నుంచో ఎత్తి రాసుకునే అలవాటు వచ్చింది.

ఆ అంకె ఎందుకు ఒక్కటిగా ఉండదో చూద్దాం. ఆవిరిలోని వేడి సరుకును చేరాలంటే వరుసగా కొన్ని పొరలు దాటాలి. గోడ మీద పలచగా జారే కండెన్సేట్, అంటే ఆవిరి మారిన నీటి పొర, మొదటిది. దాని వెనక జాకెట్ వైపు పేరుకున్న ఉప్పు పెచ్చు, తర్వాత లోహపు గోడ, గోడకు లోపల గాజు పూత ఉంటే ఆ గాజు, సరుకు వైపు అంటుకున్న మడ్డి, చివరగా గోడను ఆనుకుని సరిగా కదలని సరుకు పొర ఉంటాయి. ప్రతి పొరా తనవంతుగా వేడిని అడ్డుకుంటుంది. కూడేవి ఈ అడ్డంకులే తప్ప గుణకాలు కావు. అన్నింటిలోకీ పెద్ద అడ్డంకి ఏదో, మొత్తం అంకెను అదే నిర్ణయిస్తుంది.

ఒక ఉదాహరణ. 8 మిల్లీమీటర్ల స్టెయిన్‌లెస్ స్టీలు గోడ ఉన్న పాత్రలో నీళ్లు పోసి, సరుకును కలిపే స్టిర్రర్ తిప్పుతున్నాం అనుకుందాం. శుభ్రమైన ఆవిరి గోడ మీద నీరుగా మారే చోట గుణకం 5000 నుంచి 15000 వాట్ల వరకు ఉండవచ్చు. జర్మన్ ఇంజనీరు విల్‌హెల్మ్ నుస్సెల్ట్ 1916లో ఆ నీటి పొర మందాన్ని లెక్కగట్టి చూపిన సిద్ధాంతం నేటికీ ఈ అంచనాకు ఆధారం. మన లెక్కకు 8000 తీసుకుందాం. 1ని దానితో భాగిస్తే వచ్చే 0.000125 దాని అడ్డంకి. గోడకైతే మందాన్ని మీటర్లలో తీసుకుని ఉష్ణ వాహకతతో భాగించాలి. స్టెయిన్‌లెస్ స్టీలు ఉష్ణ వాహకత సుమారు 16 కాబట్టి 8 మిల్లీమీటర్ల గోడ అడ్డంకి 0.0005. లోపల నీళ్ల వైపు గుణకం 2000 అనుకుంటే దాని అడ్డంకి కూడా 0.0005. మూడూ కలిపితే 0.001125. దాన్ని తిరగేస్తే గుణకం 889 వస్తుంది. అంటే ఏ మడ్డీ, ఏ పెచ్చూ లేని కొత్త పాత్రలో, అదీ నీళ్లకు మాత్రమే, ఆ 1000 దగ్గరకు చేరుతున్నాం.

ఇప్పుడు అదే పాత్రకు బదులుగా మన మందుల యూనిట్లలో ఎక్కడ చూసినా కనిపించే, లోపల గాజు పూత ఉన్న గ్లాస్ లైన్డ్ రియాక్టరును తీసుకోండి. గాజు ఉష్ణ వాహకత 1.1 ప్రాంతంలో ఉంటుంది. ఒకటిన్నర మిల్లీమీటర్ల గాజు పూత ఒక్కటే 0.00136 అడ్డంకి పెడుతుంది. దాని వెనక 15 మిల్లీమీటర్ల మామూలు స్టీలు గోడ మరో 0.0003 కలుపుతుంది. మిగతావి మార్చకుండా కూడితే మొత్తం గుణకం 440కి మించదు. ఆవిరి అదే, నీళ్లు అవే అయినా వేడెక్కడానికి పట్టే కాలం రెట్టింపవుతుంది. ఇక లోపల ఉన్నది నీళ్లు కాకుండా చిక్కని నూనెయో, జిగురు పదార్థమో అయితే గుణకం 100 ప్రాంతానికి కూడా పడిపోవచ్చు. హాస్టళ్లలో, పెద్ద వంటశాలల్లో ఆవిరి కెటిళ్లతో వంట చేసేవారికి ఇది చేతి అనుభవం. నీళ్లు ఇట్టే మరిగే కెటిల్‌లోనే పప్పు చిక్కబడ్డాక వేడి లోపలికి పోక అడుగంటుతుంది. కెటిల్ మారలేదు, ఆవిరి మారలేదు, గోడను ఆనుకున్న పొర మారింది. ఇన్ని రకాలుగా మారే అంకెను "1000" అని ఒక్క మాటలో తేల్చడం, మనిషి ఎత్తు ఐదున్నర అడుగులని చెప్పి ఊరందరికీ ఒకే కొలతతో చొక్కాలు కుట్టించడం లాంటిది.

నా ఉద్యోగ జీవితంలో జరిగిన ఒక సంగతి చెబుతాను. నగర శివారులోని ఒక యూనిట్‌లో 2000 లీటర్ల స్టెయిన్‌లెస్ స్టీలు రియాక్టరును సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. అమ్మినవారు ఇచ్చిన కాగితంలో గుణకం 1000 అని ఉంది. దాన్ని బట్టి బ్యాచ్ వేడెక్కడానికి పట్టే సమయం, రోజుకు ఎన్ని బ్యాచ్‌లు వస్తాయన్నది, ఏడాది ఉత్పత్తి, బ్యాంకు రుణం వాయిదాలు అన్నీ లెక్కగట్టేశారు. తీరా నడపడం మొదలుపెట్టాక ఏ బ్యాచూ ఆ సమయానికి వేడెక్కలేదు. ఆపరేటర్లు వాల్వు సరిగా తెరవడం లేదనీ, రాత్రి షిఫ్టువాళ్లు నిద్రపోతున్నారనీ అనుమానించారు. చివరికి ఆవిరి పీడనం పెంచమన్నారు. గేజి మీద 2 బార్లున్నది 4 బార్లయింది. బ్యాచ్ కొంచెం త్వరగా వేడెక్కింది గానీ సరుకు రంగు తిరిగింది. ఇద్దరు ఆపరేటర్లకు మెమోలు ఇచ్చారు. ఆ మెమోల కాగితాలు చేతిలో పట్టుకుని వాళ్లు నా ముందు నిలబడిన తీరు నాకు ఇప్పటికీ గుర్తుంది. తప్పు వాళ్లది కాదని నాకు తెలుసు. దాన్ని అంకెలతో రుజువు చేయాలి.

రుజువు చేయడానికి పెద్ద పరికరాలేమీ అక్కరలేదు. ఖాళీ రియాక్టరులో 1600 కిలోల నీళ్లు పోశాం. స్టిర్రర్‌ను రోజూ తిప్పే వేగంతోనే తిప్పాం. థర్మామీటరు తొందరగా స్పందించేలా థర్మోవెల్‌లో, అంటే థర్మామీటరు దించే గొట్టంలో, కొద్దిగా నూనె పోశాం. పీడనాన్ని బాయిలర్ దగ్గర హెడ్డరు (ఆవిరిని పంచే పెద్ద గొట్టం) మీద కాకుండా జాకెట్ మీదే చూశాం. గంటకు 1 టన్ను ఆవిరి ఇచ్చే బాయిలరు మీద ఇంత పాత్రను ఒక్కసారిగా తెరిస్తే దారిలో పీడనం పడిపోతుంది కాబట్టి, హెడ్డరు గేజి చెప్పేది జాకెట్‌లో నిజం కాదు. జాకెట్ గేజి 2 బార్ల దగ్గర నిలిచాక, నీళ్లు 30 డిగ్రీలు దాటిన క్షణం నుంచి 80 డిగ్రీలు చేరే వరకు గడియారం చూశాం. 80 దగ్గర ఆపడానికి కారణం ఉంది. మన హైదరాబాద్ సముద్ర మట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తున ఉండడం వల్ల ఇక్కడ నీళ్లు 98 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. 80 దాటితే నీటి ఉపరితలం నుంచి పోయే ఆవిరి పెరిగి లెక్క చెడుతుంది. గేజి 2 బార్లు చూపినా ఇక్కడి వాతావరణ పీడనం 0.95 బార్లే కాబట్టి మొత్తం 2.95 బార్లు, దానికి తగిన ఆవిరి ఉష్ణోగ్రత 133 డిగ్రీలు.

మొదట ఆవిరికీ నీళ్లకూ మధ్య తేడా 103 డిగ్రీలు, చివర 53 డిగ్రీలు. తేడా క్షణక్షణానికీ తగ్గుతూ పోతుంది కాబట్టి మామూలు సగటు తీసుకోకూడదు. 103ని 53తో భాగించి, వచ్చిన 1.943కు సహజ సంవర్గమానం తీసుకుంటే 0.6644. నీళ్ల బరువు 1600ను విశిష్టోష్ణం 4180తో గుణిస్తే 66,88,000. ఈ రెండింటి లబ్ధాన్ని జాకెట్ విస్తీర్ణం 6 చదరపు మీటర్లతోనూ, పట్టిన సెకన్లతోనూ భాగిస్తే గుణకం చేతికొస్తుంది. పదో తరగతి గణితం వచ్చినవారు కాలిక్యులేటరుతో చేసుకోగల లెక్క ఇది. విస్తీర్ణం విషయంలో ఒక జాగ్రత్త అవసరం. పాత్ర మొత్తం విస్తీర్ణం కాదు, లోపల నీళ్లు, బయట ఆవిరి రెండూ తాకే భాగం మాత్రమే తీసుకోవాలి. సగం నింపిన పాత్రలో పైసగం జాకెట్ పనికిరాదు. పాత్ర లోహం కూడా కొంత వేడిని తీసుకుంటుంది. దాన్ని లెక్కలో కలపకపోతే గుణకం కాస్త తక్కువగా కనిపిస్తుంది. ప్రతిసారీ ఒకే పద్ధతిలో చేస్తే పోల్చడానికి ఇబ్బంది ఉండదు.

ఆ రోజు మాకు పట్టిన సమయం 22 నిమిషాలు, అంటే 1320 సెకన్లు. గుణకం 561 వచ్చింది. కాగితం మీది 1000కీ దీనికీ పొంతన లేదు. అయితే మా లెక్క ప్రకారం శుభ్రమైన పాత్రకు రావలసిన 889కీ పొంతన లేదు. ఆ రెండు అంకెల అడ్డంకుల తేడా 0.00066. అంటే ఎక్కడో ఒక అదనపు పొర ఉంది. అది ఉప్పు పెచ్చు అయితే సుమారు ఒక మిల్లీమీటరు మందం ఉండాలి. గాలి పొర అయితే మిల్లీమీటరులో యాభయ్యో వంతు చాలు. గాలి వేడిని అంతగా అడ్డుకుంటుంది.

ఆ గాలి ఎలా వచ్చిందో తెలుసుకోవడానికి రెండు రోజులు షిఫ్టులో కూర్చున్నాను. మన యూనిట్లలో ఒకే జాకెట్‌ను ఆవిరికీ, చల్లటి నీళ్లకూ, బ్రైన్‌కూ (బాగా చల్లబరిచిన ఉప్పునీళ్లకూ) వంతులవారీగా వాడతారు. రాత్రి బ్రైన్‌తో చల్లబరిచిన జాకెట్‌ను తెల్లవారుజామున ఆవిరికి మార్చే ముందు, లోపల మిగిలిన బ్రైన్‌ను కంప్రెస్డ్ ఎయిర్‌తో ఊది ట్యాంకుకు తోలతారు. బ్రైన్ పోతుంది, జాకెట్ నిండా గాలి మిగులుతుంది. ఆ తర్వాత ఆవిరి వాల్వు తెరిస్తే, లోపలికి తోసుకొచ్చిన ఆవిరి ఆ గాలిని ఒక మూలకు నెట్టి అక్కడే బంధిస్తుంది. ఆవిరి నీరుగా మారి, నీటిని వదిలి ఆవిరిని ఆపే ట్రాప్ గుండా వెళ్లిపోతూ ఉంటుంది. గాలి నీరు కాదు కాబట్టి గోడ దగ్గరే పోగవుతుంది. ఆవిరిలో బరువు ప్రకారం అర శాతం గాలి ఉన్నా, కదలిక లేని చోట ఆవిరి వైపు గుణకం సగానికి పడిపోగలదని ఈ రంగంలో చాలాకాలంగా తెలిసిన విషయం. మన ఇళ్లలో పెద్దవాళ్లు కుక్కర్ మూత పెట్టగానే విజిల్ పెట్టనివ్వరు, గొట్టం నుంచి ఆవిరి ధారగా వచ్చాకే పెట్టమంటారు. లోపలి గాలిని ముందు తరిమేయాలన్నదే దాని అర్థం. ఇంట్లో అమ్మలు పాటించే ఆ పద్ధతిని కర్మాగారంలో మేం మరిచిపోయాం.

జాకెట్‌లో గాలి ఉందో లేదో తెలుసుకోవడానికి ఒక సులువైన పద్ధతి ఉంది. జాకెట్ నుంచి కండెన్సేట్ బయటకు వచ్చే చోట ఒక థర్మామీటరు పెట్టాలి. గేజి 2 బార్లు చూపుతున్నప్పుడు అక్కడ 133 డిగ్రీలు ఉండాలి. ట్రాప్ వెనక కండెన్సేట్ నిలవకుండా పోతున్నప్పటికీ 125 మాత్రమే ఉందంటే, ఆ చోట ఆవిరి వాటా 2.32 బార్లే, మిగతా ఐదో వంతు గాలి. గేజికి గాలికీ ఆవిరికీ తేడా తెలియదు, మొత్తం పీడనమే చూపుతుంది. మా థర్మామీటరు 126 చూపింది.

మరునాటి నుంచి బ్రైన్ ఊదిన తర్వాత జాకెట్ కింది డ్రెయిన్ వాల్వు తెరిచి ఉంచి, ఆవిరిని మెల్లగా వదిలి, డ్రెయిన్ నుంచి గాలీ నీళ్లూ పోయి తెల్లటి ఆవిరి ధారగా వచ్చే వరకు ఆగి, ఆ తర్వాతే మూయమన్నాం. ఆవిరి లోపలికి వచ్చే చోటుకు దూరంగా ఉన్న కొసన గాలిని బయటకు వదిలే ఒక ఎయిర్ వెంట్ బిగించాం. పక్క రియాక్టరుతో కలిపి ఉన్న ట్రాప్‌ను విడదీసి దీనికి సొంతంగా ఒకటి పెట్టాం. రెండు పాత్రలకు ఒకే ట్రాప్ ఉంటే పీడనం ఎక్కువున్న పాత్ర రెండోదాని కండెన్సేట్‌ను బయటకు రానివ్వదు. మళ్లీ అవే 1600 కిలోల నీళ్లతో కొలిస్తే 16 నిమిషాలు పట్టింది. గుణకం 771. శుభ్రమైన పాత్ర లెక్క 889కీ దీనికీ అడ్డంకిలో తేడా 0.00017 మాత్రమే. నీటి వల్ల పేరుకునే పెచ్చు కోసం డిజైన్ పుస్తకాలు మామూలుగా కలిపే మొత్తం కూడా దాదాపు అంతే. కాబట్టి అంతకు మించి ఆశించడం న్యాయం కాదని యాజమాన్యానికి రాసి ఇచ్చాను. మెమోలు వెనక్కి తీసుకున్నారు.

ఇక్కడ ఒక పోలిక అవసరం. పీడనాన్ని 2 బార్ల నుంచి 4 బార్లకు పెంచితే ఆవిరి ఉష్ణోగ్రత 133 నుంచి దాదాపు 151 డిగ్రీలకు చేరుతుంది. సరుకు 55 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు తేడా 78 నుంచి 96కు పెరుగుతుంది. లాభం 23 శాతం. గాలిని వదిలించడం వల్ల మాకు కలిసొచ్చింది 37 శాతం, అదీ ఆవిరి ఉష్ణోగ్రత కాస్తయినా పెంచకుండా. పీడనం పెంచినప్పుడు గోడను ఆనుకున్న సరుకు పొర అంత ఎక్కువ వేడిని చవిచూస్తుంది. రంగు తిరగడం, అడుగంటడం అక్కడి నుంచే మొదలవుతాయి. పైగా పీడనం పెరిగేకొద్దీ కిలో ఆవిరి ఇచ్చే గుప్తోష్ణం తగ్గుతుంది. గ్లాస్ లైన్డ్ పాత్రల్లో అయితే తయారీదారు పెట్టిన ఉష్ణోగ్రత హద్దులు దాటితే గాజే పగులుతుంది. మెల్లగా వేడెక్కుతున్న పాత్రకు మొదటి మందు పీడనమనుకోవడం నా దృష్టిలో ఈ రంగంలో అన్నిటికన్నా ఖరీదైన పొరపాటు.

స్టిర్రర్ వేగం గురించి కూడా ఒక మాట చెప్పాలి. జాకెట్ పాత్రల్లో సరుకు వైపు గుణకానికి చిల్టన్, డ్రూ, జెబెన్స్ 1944లో ప్రచురించిన సూత్రాన్నే ఈనాటికీ అంచనాలకు వాడుతున్నాం. ఆ సూత్రం ప్రకారం గుణకం స్టిర్రర్ వేగానికి 0.67 ఘాతంలో పెరుగుతుంది. వేగం రెట్టింపు చేస్తే సరుకు వైపు గుణకం 1.6 రెట్లు అవుతుంది. కానీ ప్రవాహం బాగా కలిసిపోయే స్థితిలో మోటారు లాగే కరెంటు వేగం ఘనానికి అనులోమంగా, అంటే 8 రెట్లు పెరుగుతుంది. పైన చెప్పిన గ్లాస్ లైన్డ్ రియాక్టరులో ఇంత చేసినా మొత్తం గుణకం పెరిగేది 9 శాతమే, ఎందుకంటే అక్కడ పెద్ద అడ్డంకి గాజుది, నీళ్లది కాదు. అందుకే ఏ పొర ఎంత అడ్డుకుంటున్నదో ముందు తెలుసుకోవాలి. వేగం మార్చగల డ్రైవు ఉన్న పాత్రలో దీనికి 1915 నాటి విల్సన్ పద్ధతి చక్కగా పనికొస్తుంది. మూడు నాలుగు వేగాల వద్ద నీళ్ల పరీక్ష చేసి, వేగాన్ని 0.67 ఘాతానికి పెంచి తిరగేసిన అంకెను అడ్డంగానూ, మొత్తం అడ్డంకిని నిలువుగానూ గ్రాఫు కాగితం మీద గుర్తిస్తే దాదాపు సరళరేఖ వస్తుంది. ఆ రేఖను వెనక్కి పొడిగిస్తే నిలువు గీతను తాకే చోటు, స్టిర్రర్‌తో సంబంధం లేని అడ్డంకులన్నిటి మొత్తాన్ని చెబుతుంది. గోడ లోపల ఏముందో పాత్రను విప్పకుండానే తెలిసిపోతుంది. ఇంత అందమైన పద్ధతి మన ప్లాంట్లలో వాడకం లేకుండా పోవడం నన్ను బాధిస్తుంది.

ప్రమాణాల గందరగోళాన్ని కూడా ప్రస్తావించాలి. బాలానగర్‌లో సోవియట్ సహకారంతో వచ్చిన ప్రభుత్వ మందుల కర్మాగారం ఐడీపీఎల్ నుంచి బయటికి వచ్చిన పెద్దలే నా తరానికి పని నేర్పారు. వాళ్లు కిలోకేలరీల్లో లెక్కలు వేసేవారు. పాత అమెరికన్ పుస్తకాలు బీటీయూల్లో ఉంటాయి. ఇప్పటివారు వాట్లలో రాస్తారు. గంటకు, చదరపు మీటరుకు, డిగ్రీకి ఒక కిలోకేలరీ అంటే 1.163 వాట్లు. బీటీయూ అంకె అయితే 5.68తో గుణించాలి. కాబట్టి ప్రమాణం రాయకుండా "గుణకం 150" అని ఎవరైనా చెబితే అది 150 వాట్లో, 174 వాట్లో, 850 వాట్లో తెలియదు. మీ వ్యాసంలోని 1000 పక్కన కూడా ప్రమాణం లేదు.

ప్రయోగశాల నుంచి ప్లాంటుకు వచ్చేటప్పుడు ఇదే అంచనా ఇంకా ప్రమాదకరంగా మారుతుంది. 1 లీటరు పాత్రను అదే ఆకారంలో 1000 లీటర్లకు పెంచితే పొడవు, వెడల్పులు 10 రెట్లు, గోడ విస్తీర్ణం 100 రెట్లు, సరుకు 1000 రెట్లు అవుతాయి. లీటరుకు దక్కే గోడ పదో వంతుకు పడిపోతుంది. గుణకం అదే ఉన్నా 10 నిమిషాల్లో వేడెక్కినది 100 నిమిషాలు తీసుకుంటుంది. వేడి చేసేటప్పుడు ఇది ఆలస్యంతో పోతుంది. తనంతట తాను వేడిని పుట్టించే రసాయన చర్యను అదే జాకెట్‌తో చల్లార్చవలసి వచ్చినప్పుడు మాత్రం, ఎక్కువ వేసిన అంచనా కార్మికుల ప్రాణాల మీదకు వస్తుంది. చల్లార్చేటప్పుడు జాకెట్‌లో ఆవిరికి బదులు నీళ్లు ఉంటాయి కాబట్టి, ఆవిరితో కొలిచిన గుణకం కన్నా అది మామూలుగా తక్కువే ఉంటుంది. దాన్ని విడిగా కొలవాలి. ఒకదాని అంకెను ఇంకొకదానికి వాడకూడదు.

మీ పత్రికకు ఒక విన్నపం. మన పాలిటెక్నిక్‌లలో, ఇంజనీరింగ్ కళాశాలల్లో ఉష్ణ బదిలీ పాఠం చెబుతారు, పరీక్షల్లో గుణకం ఇచ్చి విస్తీర్ణం కనుక్కోమంటారు. గుణకాన్నే కొలవమని పిల్లలను ఒక నిజమైన జాకెట్ పాత్ర ముందు నిలబెట్టే కళాశాలలు తక్కువ. కళాశాల హాస్టల్ వంటశాలలో ఆవిరి కెటిల్ ఉంటే అదే చాలు. వంట పూర్తయ్యాక నీళ్లు పోసి, ఒక థర్మామీటరుతో, ఒక వాచీతో గంటలో ప్రయోగం అయిపోతుంది. ఈ పద్ధతిని మీ విద్యా పేజీలో బొమ్మతో సహా ప్రచురిస్తే చదివిన పిల్లల్లో కొందరైనా చేసి చూస్తారు. పాత్రలు కొనే యజమానులు కూడా కాగితం మీది గుణకం కాకుండా, తమ సమక్షంలో నీళ్ల పరీక్షలో వచ్చిన గుణకాన్ని ఆర్డరులో రాయించుకోవాలని నా కోరిక.

మేం ఆ రియాక్టరు మీద, కెపాసిటీ ప్లేటు పక్కనే, తెల్ల పెయింటుతో "నీళ్లతో 771" అని రాసి, పక్కన తేదీ, స్టిర్రర్ వేగం వేశాం. ఆరు నెలలకోసారి పరీక్ష చేసి కొత్త అంకెను కింద రాసేవాళ్లం. ఏడాదిన్నర తర్వాత అది 690కి దిగింది. ట్రాప్, వెంట్ బాగానే ఉన్నాయి, బయటి థర్మామీటరు 133 చూపుతోంది. మిగిలింది పెచ్చు ఒక్కటే. బోరు నీళ్లతో నడిచే గీజర్ కాయిల్ ఎలా ఉంటుందో హైదరాబాద్‌లో ఇల్లున్న ప్రతివారికీ తెలుసు. వేసవిలో కూలింగ్ టవరుకు బోరు నీళ్లు కలిపారు, ఆ నీళ్లే జాకెట్‌లో తిరిగాయి. జాకెట్‌కు చెయ్యి పట్టేలా ఉండే హ్యాండ్‌హోల్ మూత విప్పి చూస్తే గోడ మీద గోటితో గీకితే ఊడివచ్చే తెల్లటి పొర కనిపించింది. యాసిడ్‌తో కడిగించి మళ్లీ నీళ్లు పోసి కొలిచాం. 765 వచ్చింది. దాన్ని కూడా తేదీతో సహా అదే వరుసలో రాయించాం.

భవదీయుడు,
ఒక విశ్రాంత ప్రాసెస్ ఇంజనీరు,
కూకట్‌పల్లి, హైదరాబాద్